సంఘానికి పనివారు దొరకరు, తయారవుతారు



సంఘ పెద్దలు నలుగురు ఎక్కడ కూర్చున్నా కాసేపటికి ఒక మాట వస్తుంది. "మంచి పనివాళ్లు దొరకడం లేదండీ" అంటారు. పాత పాస్టరు అయ్యగారు బదిలీ మీద వెళ్లారు, కొత్తాయన ఎలాంటివారో ఏమో. సండే స్కూలు చూసుకునే అమ్మాయి పెళ్లయి అత్తగారింటికి వెళ్లిపోయింది. కీబోర్డు వాయించే కుర్రాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. కానుకల లెక్కలు రాసే మాస్టారికి చూపు తగ్గింది. ఇక ఎవరైనా ఉంటే చెప్పండంటూ పది మందికి ఫోన్లు వెళతాయి.

ఈ బాధ నిజమైనదే. కాని ఆ మాటలో ఒక పొరపాటు ఉంది. పనివారు ఎక్కడో సిద్ధంగా ఉన్నారు, మనం వెతికి తెచ్చుకోవాలి అన్న నమ్మకం ఆ మాట వెనక ఉంది. తెలుగు క్రైస్తవ సంఘాల చరిత్ర చదివితే నాకు కనబడేది వేరు. మన సంఘాలు నిలబడ్డ ప్రతి చోటా పనివారిని సంఘమే తయారు చేసుకుంది. ఎంచుకుంది, చదువు చెప్పించింది, పక్కన నిలబడింది, పడినప్పుడు లేపింది. ఈ పూట నేను చెప్పదలచింది ఇదే.

ముందు ఒంగోలు సంగతి చూద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. ఆయనకు మొదట తోడైనవారిలో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగిన మనిషి. ఏ పల్లెలో ఎవరు పెద్ద, ఎవరి మాట ఎవరు వింటారు, ఏ ఇంట్లో ఏ కష్టం ఉంది, ఇవన్నీ ఆయనకు తెలుసు. అలాంటివారే ఆ ప్రాంతంలో తొలి బోధకులయ్యారు. వాళ్లు పల్లెల్లో పని చేసుకుంటూ మూడు నెలలకోసారి ఒంగోలులో కలుసుకునేవారు. చేసిన పని చెప్పుకునేవారు, చదువుకునేవారు, ప్రార్థించి మళ్లీ ఊళ్లకు వెళ్లేవారు. కొందరికి పై చదువు చెప్పడానికి 1870లలో రామాయపట్నంలో సముద్రపు ఒడ్డున సెమినరీ పెట్టారు.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా జనం తిండి లేక అల్లాడిన రోజులవి. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని పేదలకు పని చూపించారు. కూలీల ముఠాల మీద మేస్త్రీలుగా నిలబడింది ఈ పల్లె బోధకులే. పగలు మట్టి కొలిచారు, కూలి లెక్క చూశారు. పని ఆగినప్పుడు కూలీల మధ్య కూర్చుని మాట్లాడారు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, అలసిపోతే మారుతూ, ఆ పని పూర్తి చేశారు.

మనం సాధారణంగా ఆ 2,222 అన్న అంకెను చెప్పుకుంటాం. నేను ఆ ఆరుగురి గురించి ఎక్కువ ఆలోచిస్తాను. ఆ ఆరుగురిని తయారు చేయడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్ల పని జరగకపోతే ఆ ఒక్క రోజు వచ్చేది కాదు.

ఇప్పుడు గుండ్లకమ్మ ఒడ్డు నుంచి దోర్నకల్‌కు వద్దాం. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో పని మొదలుపెట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని దోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్పు. అప్పటికి దోర్నకల్ డయాసిస్‌లో ఉన్న భారతీయ గురువులు, అంటే పాస్టర్లు, కొద్దిమందే. ఆయన చివరి రోజులు వచ్చేసరికి వంద మందికి మించి గురువులు, రెండు వేల దాకా గ్రామోపాధ్యాయులు పని చేస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవారు. తమ ఇంట్లో పలక పట్టిన మొదటి మనుషులు వాళ్లే.

అజరయ్య గారు వాళ్లను ఎలా తయారు చేశారు? మనం నేర్చుకోవలసింది అక్కడుంది. దోర్నకల్‌లో శిక్షణకు వచ్చే పెళ్లయిన యువకుడు ఒంటరిగా రాలేదు. భార్యతో, పిల్లలతో వచ్చాడు. వాళ్లకు చిన్న ఇళ్లు ఇచ్చారు. మగవాళ్లకు పాఠాలు జరుగుతుంటే ఆడవాళ్లకూ పాఠాలు జరిగాయి. చదవడం, రాయడం, ఇల్లు పిల్లలు శుభ్రంగా ఉంచుకోవడం, బైబిలు కథలు చెప్పడం నేర్పారు. ఆ పనిలో బిషప్పు గారి భార్య అన్బు మరియమ్మాళ్ ముందున్నారు. దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన తొలి తరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. పల్లెలో కాపురం పెట్టబోయేది ఒక మనిషి కాదు, ఒక కుటుంబం అన్న సంగతి వాళ్లకు తెలుసు.

రెండో సంగతి. పల్లెకు వెళ్లేవాడికి ప్రసంగం ఒక్కటే నేర్పితే చాలదని అజరయ్య గారు గ్రహించారు. పల్లెను పట్టి పీడించే భూతాలు నాలుగని ఆయన చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. వాటితో తలపడవలసినవాడు రాత్రి బడి నడపాలి. జ్వరం వచ్చిన పిల్లకు ఏం చేయాలో చెప్పాలి. షావుకారు కాగితం మీద ఏం రాశాడో చదివి వినిపించాలి. పగలంతా కూలికి వెళ్లి దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరిన మనుషులను కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించాలి. ఇవన్నీ చేస్తే ఆదివారం అతని మాటకు బలం వచ్చేది.

మూడో సంగతి ఇంకా పెద్దది. అజరయ్య గారు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు, పొందినవాళ్ల చేత తమ తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని ఒప్పుకోమనేవారు. అంటే సంఘంలోకి వచ్చిన ప్రతి మనిషీ ఆ రోజే పనివాడు. జీతం తీసుకునేవాడు ఆ పనివాళ్లందరికీ తోడు. ఈ లెక్క మనకు తలకిందులైంది. జీతం తీసుకునేవాడు చేస్తాడు, మిగతావాళ్లం చూస్తాం అనుకుంటున్నాం. అలా అనుకునే సంఘంలో ఎంత మంచి పాస్టరు గారైనా అయిదేళ్లకు అలసిపోతారు.

ఇప్పుడు మన కాలానికి, మన కమిటీ గదులకు వద్దాం. ఎంపిక ఎలా జరుగుతోంది? చాలా చోట్ల రెండు దారులు. ఒకటి రికమండేషను. ఫలానావారి బంధువు, మన వర్గం మనిషి, మనకు ఓటు వేసిన ఇంటివాడు. రెండోది ఒక్క ఆదివారపు ప్రసంగం. గొంతు బాగుంది, మైకు ముందు బెదరలేదు, పాట బాగా ఎత్తుకున్నాడు, పెట్టేసుకుందాం. ఈ రెండు దారుల్లోనూ మనిషి కనబడడు.

అపొస్తలుల కార్యాల గ్రంథం ఆరో అధ్యాయం తీసి చూడండి. యెరూషలేములో రోజూ జరిగే భోజనాల పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గొడవ వచ్చింది. అపొస్తలులు ఏడుగురిని ఎన్నుకోమన్నారు. మంచి పేరు ఉండాలి, ఆత్మ ఉండాలి, జ్ఞానం ఉండాలి అన్నారు. మంచి పేరు అన్న షరతు మొదట పెట్టడంలో అర్థముంది. పేరు అనేది ఒక్క ఆదివారం వచ్చేది కాదు. ఇరుగుపొరుగు ఇచ్చేది అది. ఇంకో సంగతి గమనించండి. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందని మొరపెట్టుకున్న పక్షం మనుషుల చేతికే అన్నం గరిటె ఇచ్చారు. మన సంఘంలో ఏ వీధివాళ్లు, ఏ ఇళ్లవాళ్లు మా మాట ఎవరూ వినరని అనుకుంటున్నారో, ఆ ఇళ్ల నుంచి పనివారిని ఎంచుకునే ధైర్యం మనకుందా? ఆలోచించండి.

అందుకే ఒక సలహా. ఎవరినైనా తీసుకోబోయే ముందు వారం రోజులు మీ ఊళ్లో ఉండమనండి. ఎవరి ఇంట్లోనైనా బస ఏర్పాటు చేయండి. ఆ వారంలో ఒక చావు ఇంటికి వెళ్లవలసి వచ్చిందనుకోండి. ఆయనను వెంట తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే ఎవరి పక్కన కూర్చుంటారో చూడండి. కుర్చీ వేసిన పెద్దమనిషి పక్కనా, మూలన చాప మీద ఉన్న ముసలమ్మ పక్కనా? మైకు అడుగుతారా, లేక ఆ ఇంటివాళ్లు చెప్పుకునేది వింటారా? ప్రార్థన కాగానే బండి తీస్తారా, లేక సమాధి దగ్గర మట్టి వేసి కుటుంబంతో పాటు ఇంటి దాకా తిరిగొస్తారా? తర్వాత పిల్లల క్లాసులో ఓ గంట కూర్చోమనండి. పిల్లలు మనిషిని త్వరగా కనిపెడతారు. చివరికి పోయిన నెల కానుకల పుస్తకం చూపించి, ఇందులో మీకు ఏం కనబడుతోందని అడగండి. ఈ మూడు చోట్ల చూసినదంతా మీరు ఎన్ని ప్రసంగాలు విన్నా తెలియదు.

ఇంకో మాట కూడా ఖచ్చితంగా అడగాలి. ఇంతకుముందు పని చేసిన చోట ఎందుకు మానేశారు? ఆ సంఘంవాళ్లకు ఫోను చేసి మాట్లాడండి. ముఖ్యంగా పిల్లల మధ్య, యవ్వనస్థుల మధ్య పని చేయబోయేవారి విషయంలో మొహమాటం వద్దు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. సంఘం పరువు పోతుందని కప్పిపుచ్చితే పోయేది పిల్ల జీవితం. సండే స్కూలు గదిలో ఎప్పుడూ పెద్దవాళ్లు ఇద్దరుండాలి, ఒంటరిగా పిల్లలను ఎవరూ బయటికి తీసుకెళ్లకూడదు అని నియమం పెట్టుకోండి. మంచి పనివారు ఈ నియమానికి నొచ్చుకోరు. అది వాళ్లకూ రక్ష.

ఇక అమ్మగారి, అంటే పాస్టరు గారి భార్య సంగతి. పాస్టరు గారిని తీసుకుంటే అమ్మగారు ఊరికే వస్తారన్నది మన ఆచారం. స్త్రీల కూడిక ఆమే నడపాలి, సండే స్కూలు ఆమే చూడాలి, వేళ కాని వేళ వచ్చినవాళ్లందరికీ టీ ఆమే పెట్టాలి. నీకు ఏ పని ఇష్టం అని ఆమెను ఎవరూ అడగరు. దోర్నకల్‌లో ఆ రోజుల్లోనే పనివాడి భార్యకు వేరుగా చదువు చెప్పించారు. మనం ఈ రోజుల్లో కనీసం ఆమెను కూర్చోబెట్టి మాట్లాడలేమా? ఆమె టీచరు ఉద్యోగం చేసుకుంటానంటే చేసుకోనివ్వండి. సంఘం పనే చేస్తానంటే దానికి ఒక పేరు పెట్టి, జీతం ఇవ్వండి.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మన పల్లెల్లో ఇళ్ల లోపలికి సువార్తను, అక్షరాలను తీసుకెళ్లింది బైబిల్ ఉమెన్ అని పిలిచే స్త్రీలు. ఎండలో నడిచి, గడప గడపకూ వెళ్లి, ఆడవాళ్ల మధ్య కూర్చుని చదివి వినిపించింది వాళ్లు. 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల డయాసిస్‌కు బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పు ఆమే, అదీ మన రాయలసీమ గడ్డ మీద. పనివారు లేరని అంటూ ఆడపిల్లల వైపు చూడని కమిటీ తన ఇంట్లో ఉన్న సగం మందిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

పనివారిని తీసుకున్నాం. ఇక తర్వాత? చాలా సంఘాల్లో స్వాగత సభలో శాలువా కప్పిన రోజుతో మన బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత ఆయన్ని పిలిచేది తప్పు జరిగినప్పుడే. నారు పోసిన మర్నాడే ఏ రైతూ కోత అడగడు. మొదటి ఏడాది నేర్చుకునే ఏడాదిగా వదలండి. మొదటి మూడు నెలల్లో ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్లడమే ఆయన పని అని చెప్పండి. వెంట ఒక పెద్దాయనో పెద్దావిడో ఉండి ఇళ్లు పరిచయం చేయండి. నెలకోసారి ఇద్దరు పెద్దలు ఆయనతో తీరిగ్గా కూర్చోండి. ఏది బాగా జరిగింది, ఎక్కడ ఇబ్బంది పడ్డారు, మేము ఏం చేయాలి అని మూడు ప్రశ్నలు అడగండి. ప్రసంగం గురించి చెప్పవలసింది ఉంటే చర్చి గుమ్మం దగ్గర పది మందిలో చెప్పకండి. మర్నాడు ఇంటికి వెళ్లి చెప్పండి.

ఒంగోలు బోధకులు మూడు నెలలకోసారి కలుసుకున్నారని చెప్పాను కదా. అది మళ్లీ తెచ్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. చుట్టుపక్కల అయిదారు సంఘాల పనివారు, ఏ డినామినేషనువారైనా సరే, మూడు నెలలకోసారి ఒక చోట కలవండి. పాస్టర్లే కాదు, సండే స్కూలు టీచర్లు, పాటల జట్టు నడిపేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు కూడా. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోండి. కలిసి నేర్చుకోవడం మన పెద్దలకు కొత్త కాదు. 1964లో లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘంవారు, మెథడిస్టులు కలిసి రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాలను నిలబెట్టారు. తర్వాత అది హైదరాబాదుకు వచ్చింది. వేరు వేరు సంఘాల పిల్లలు ఒకే బల్ల దగ్గర చదువుకున్నారు. మీ సంఘంలో చురుకైన అబ్బాయో అమ్మాయో ఉంటే అలాంటి చోటికి పంపండి, ఫీజు సంఘం కట్టండి. వెళ్లలేనివారికి పని చేసుకుంటూ చదివే వేదాంత కోర్సులు ఉన్నాయి. ఏటా ఒక పుస్తకాల పద్దు, ఒక వారం చదువు సెలవు బడ్జెట్లో పెట్టండి.

ఇప్పుడు జీతం. సేవ చేస్తున్నాడు కదా, జీతం మాట ఎందుకు అంటారు కొందరు. పనివాడు జీతానికి అర్హుడని పౌలు తిమోతికి రాసిన ఉత్తరంలోనే ఉంది. సొంతంగా నడిచే ఎన్నో మందిరాల్లో పాస్టరు గారి ఇంట్లో ఉంటూ, డ్రమ్స్ వాయిస్తూ, వ్యాను నడుపుతూ, కుర్చీలు సర్దుతూ పదేళ్లు గడిపేసిన కుర్రాళ్లు ఉన్నారు. చేతిలో అపాయింట్‌మెంటు కాగితం లేదు, బ్యాంకులో రూపాయి లేదు. ముప్ఫై ఏళ్లు దాటాక ఆ అబ్బాయి ఏం కావాలి? పని ఏమిటి, జీతం ఎంత, సెలవు ఎప్పుడు, ఎవరికి జవాబు చెప్పాలి, ఇవి ఒక పేజీలో రాసి సంతకాలు పెట్టండి. నెల మొదటి వారంలో జీతం బ్యాంకులో వేయండి. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వండి. ఆరోగ్య బీమా చేయించండి.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. పాస్టరు గారు జీవితమంతా సంఘం ఇచ్చిన పార్సనేజీలో ఉంటారు. రిటైరైన రోజు ఆ ఇల్లు ఖాళీ చేయాలి. తలదాచుకోవడానికి సొంత గోడ ఒకటి ఉండదు. సర్వీసు మొదటి ఏడాది నుంచే నెలనెలా కొంత ఆయన పేరు మీద వెయ్యడం మొదలుపెడితే ఆ రోజు ఎవరూ ఏడవనక్కర్లేదు. కోత పండుగనాడు మన తల్లులు బస్తాలతో ధాన్యం, బుట్టలతో కూరగాయలు, కోళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆ మనసు ఉన్న సంఘానికి ఇది భారం కాదు.

డబ్బు దగ్గర పనివారిని కాపాడటం కూడా మన పనే. కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి, అంకె ఆదివారమే బోర్డు మీద రాయాలి. పాస్టరు గారి చేతికి డబ్బు సంచి ఇచ్చి ఇంటికి పంపడం ఆయన్ని గౌరవించడం కాదు, నింద మీద పడే దారి వేయడం.

చివరిగా తప్పుల మాట. పని చేసేవాడు తప్పు చేస్తాడు. మోసం, దౌర్జన్యం, పిల్లల జోలికి పోవడం, వీటికి క్షమాపణ పేరుతో మళ్లీ కుర్చీ ఇవ్వకూడదు. కాని తొందరపాటు, భయం, అనుభవం చాలకపోవడం వేరు. మార్కు అనే యోహాను, పౌలు బర్నబాలతో వెళ్లిన మొదటి ప్రయాణంలోనే పంఫూలియ దగ్గర వెనక్కి వెళ్లిపోయాడు. రెండోసారి తీసుకెళ్లనని పౌలు పట్టుబట్టాడు. బర్నబా మాత్రం అతన్ని వెంట పెట్టుకుని కుప్రకు వెళ్లాడు. ఎన్నో ఏళ్ల తర్వాత అదే పౌలు, మార్కును తీసుకురా, అతను నాకు పనికొస్తాడని తిమోతికి కబురు పెట్టాడు. ఆ ప్రయాణాలకు ముందు తార్సు దాకా వెళ్లి సౌలును, అంటే పౌలునే, వెతికి తెచ్చింది కూడా ఈ బర్నబాయే. పౌలును, మార్కును సంఘానికి ఇచ్చిన ఆ ఒక్క మనిషి లాంటివారు ప్రతి కమిటీలో ఒకరు కావాలి.

సంఘ పెద్దలారా, ఈ ఏడాది మూడు పనులు చేయండి. ఇప్పుడు పని చేస్తున్న ప్రతి ఒక్కరికీ, వాచ్‌మన్ నుంచి పాస్టరు గారి దాకా, రాతపూర్వకంగా పని, జీతం ఇవ్వండి. మూడు నెలలకోసారి కలిసి నేర్చుకునే కూడిక మొదలుపెట్టండి. మీ సంఘంలో ఇరవై ఏళ్లలోపు పిల్లల్లో ఇద్దరిని, అందులో కనీసం ఒక అమ్మాయిని, గుర్తించి వాళ్లకు ఒక చిన్న బాధ్యత అప్పగించి, నేర్పే మనిషిని పక్కన పెట్టండి. పదేళ్లకు మీ సంఘంలో పనివారు లేరన్న మాట వినబడదు. అప్పుడు పక్క ఊరివాళ్లు మనిషి కావాలని మీ దగ్గరికే వస్తారు. పంపించగలిగినంత మంది మీ దగ్గర ఉంటారు.